గోల్ఫ్ తెలిసినవాళ్లకి డిస్క్ గోల్ఫ్‌లో కొత్తగా ఏం దొరుకుతుంది?

పచ్చికబయలు:

రెండు ఆటలూ బాగా తెలిసినవాళ్లు చెప్తే మేలు. డిస్క్ గోల్ఫ్ (బంతి, క్లబ్బులకి బదులు ప్లాస్టిక్ డిస్క్‌ని గొలుసుల బుట్టలోకి విసిరే ఆట) ఎందుకు బాగుంటుందని ఎక్కడ అడిగినా మూడే జవాబులు వస్తాయి: ఖర్చు తక్కువ, రెండు గంటల్లో అయిపోతుంది, ఎవరైనా ఆడొచ్చు. మూడూ నిజాలే. కానీ అవన్నీ ఆట చుట్టూ ఉన్న సౌకర్యాలు. నేనడిగేది ఆట లోపలి రుచి గురించి.

గోల్ఫ్‌లో ఆ రుచి ఎక్కడుందో తెలుసు. జెండా 150 మీటర్ల దూరంలో ఉంటే బంతిని ఎత్తుగా పంపి గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద ఆపాలా, కిందుగా పంపి దొర్లనివ్వాలా? రఫ్‌లో (పక్కనుండే ఎత్తు గడ్డిలో) పడితే క్లబ్ ముఖానికీ బంతికీ మధ్య గడ్డి ఇరుక్కుని స్పిన్ తగ్గిపోతుంది, అప్పుడు బంతిని ఎంత ముందు దించాలి? గ్రీన్ వాలు ఎటుంది, గడ్డి ఎటు వాలి పెరిగింది? బంతి పడ్డ చోటు మారితే లెక్కంతా మారిపోతుంది. డిస్క్ ఎక్కడ పడినా చేత్తో తీసుకుని విసరడమే కదా. ఇసుక గుంట లేదు, వాలు చదివి బంతిని రంధ్రంలోకి దొర్లించే పుటింగ్ లేదు. మరి ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన విద్య అందులో ఎక్కడుంది?

ఇంకో రెండు సందేహాలు. మొదట ఎన్ని డిస్కులు, ఏ రకం తీసుకోవాలి? గోల్ఫ్ స్వింగ్ అలవాటైన ఒళ్లు డిస్క్ విసరడానికి సాయపడుతుందా, అడ్డు పడుతుందా?

గొలుసుచప్పుడు:

మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఒక్కటే: ఆ విద్య అంతా గాల్లో ఉంది. గోల్ఫ్‌లో సగం కథ బంతి నేలను తాకాక నడుస్తుంది. డిస్క్ గోల్ఫ్‌లో దాదాపు మొత్తం డిస్క్ నేలను తాకేలోపే అయిపోతుంది.

బంతికీ క్లబ్బుకీ తాకిడి సుమారు అర మిల్లీసెకను. ఆ క్షణంలో క్లబ్ ముఖం ఎటు చూస్తోంది, స్వింగ్ ఏ దారిలో వస్తోంది అన్న తేడాని బట్టి డ్రా (కుడిచేతివాళ్లకి ఎడమకి వంగేది), ఫేడ్ (కుడికి వంగేది) వస్తాయి. డిస్క్ అయితే వదిలే క్షణం దాకా మీ వేళ్లలోనే ఉంటుంది. ఏ వాలులో వదలాలి, ముందంచు ఎంత దించాలి, ఎంత వేగం, ఎంత తిప్పు అన్నవి నాలుగూ మీ చేతిలోంచే పోతాయి. అందుకే వంపు తిప్పి పంపే సుఖం ఇక్కడ మొదటి వారాల్లోనే దొరుకుతుంది. గోల్ఫ్‌లో కావాలని డ్రా కొట్టగలిగే స్థాయికి చేరేసరికి చాలామందికి ఏళ్లు పడుతుంది.

ఆ వంపు ఎలా వస్తుందో తెలిస్తే మిగతా ఆట సులువుగా అర్థమవుతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి బయటికి) విసిరితే డిస్క్ పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లులా తిరుగుతుంది. మొదట్లో వేగం ఎక్కువ. అప్పుడు గాలి ఎత్తే బలం డిస్క్ మధ్యకి కాస్త వెనకగా పని చేసి ముందంచుని కిందికి నొక్కుతుంది. తిరుగుతున్న వస్తువుని ఒకవైపు నొక్కితే అది తొంభై డిగ్రీలు పక్కకి స్పందిస్తుంది, బొంగరంలాగే. కాబట్టి ముందంచు దిగే బదులు డిస్క్ కుడికి ఒరుగుతుంది. దీన్ని టర్న్ అంటారు. వేగం తగ్గేకొద్దీ ఆ బలం మధ్యకి ముందు జరుగుతుంది, ముందంచు పైకి లేవబోతుంది, డిస్క్ ఎడమకి ఒరిగి దిగుతుంది. డిస్క్ గోల్ఫ్‌లో ఫేడ్ అంటే అది. ఒకే విసురులో కుడికి పోయి చివర ఎడమకి వచ్చే వంకర దారి ఇలా పుడుతుంది. ఎడమచేత్తో బ్యాక్‌హ్యాండ్, కుడిచేత్తో ఫోర్‌హ్యాండ్ (అరచెయ్యి ముందుకి పెట్టి పక్కనుంచి విసరడం) అయితే అన్నీ తిరగబడతాయి.

డిస్క్ మీద ముద్రించే నాలుగు అంకెలు చెప్పేది ఇదే: వేగం, గ్లైడ్ (గాల్లో తేలే గుణం), టర్న్, ఫేడ్. ఇన్నోవా కంపెనీ లెపర్డ్ డిస్క్ మీద 6/5/-2/1 అని ఉంటుంది. ఆరో వేగంలో విసరగలిగినవాడి చేతిలో అది బాగా కుడికి ఒరిగి, చివర కొద్దిగా ఎడమకి వస్తుంది. డిస్ట్రాయర్ 12/5/-1/3. ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. ఆ పన్నెండు అంటే డిస్క్ దానంతటదే వేగంగా పోతుందని కాదు. అంత వేగంతో విసిరితేనే మిగతా అంకెలు నిజమవుతాయని. మెల్లగా విసిరితే డిస్ట్రాయర్‌కి టర్న్ అసలు రాదు, వదిలీ వదలగానే ఎడమకి తిరిగి నేల పడుతుంది.

దీని మీద వదిలే వాలు చేర్చండి. బయటి అంచు దించి వదిలితే హైజర్, ఎత్తి వదిలితే యాన్‌హైజర్. టర్న్ ఎక్కువున్న డిస్క్‌ని హైజర్‌లో వదిలితే అది మధ్యలో లేచి సమంగా నిలబడి చాలా దూరం తిన్నగా పోతుంది. ఫేడ్ ఎక్కువున్నదాన్ని యాన్‌హైజర్‌లో వదిలితే కుడికి పోయి, ఆలోచించుకున్నట్టు వెనక్కి వస్తుంది. ఒకే చెట్టు చుట్టూ ఒకే దూరానికి నాలుగు దారులుంటాయి. ఏ దారిలో తప్పినా నష్టం తక్కువో చూసి ఎంచుకోవడమే ఆట.

గాలి లెక్క కూడా వేరు. ఎదురుగాలిలో డిస్క్‌కి తగిలే గాలి వేగం పెరుగుతుంది కాబట్టి టర్న్ పెరుగుతుంది, ఎత్తుకి లేస్తుంది. వెనకగాలిలో టర్న్ తగ్గి ఫేడ్ త్వరగా వస్తుంది, తేలకుండా దిగిపోతుంది. కాబట్టి ఎదురుగాలికి ఫేడ్ ఎక్కువున్న డిస్క్, వెనకగాలికి టర్న్ ఎక్కువున్నది తీయాలి.

ఏడోనంబర్‌ఐరన్:

గాలి గురించి చెప్పిందంతా సరే. కానీ ప్రశ్న వేసినవారి అనుమానంలో నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు.

గోల్ఫ్ రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు, బంతి కనీసం 42.67. రెండు మీటర్ల పుట్ కూడా వాలులో ఉంటే పెద్ద ఆటగాళ్లు తరచూ తప్పుతారు. డిస్క్ గోల్ఫ్‌లో బుట్ట పైన వేలాడే గొలుసులు పెద్ద గురి. చదునైన నేల మీద, గాలి లేనప్పుడు ఆరు మీటర్ల లోపు అగ్రశ్రేణి ఆటగాళ్లు తప్పడం చాలా అరుదు. పుటింగ్ సులువైపోయిందన్న విమర్శ ఆ ఆట లోపలివాళ్ల నుంచే వస్తోంది. ఈ ఒక్క విషయంలో గోల్ఫ్‌దే పైచేయి, ఇందులో నాకు సందేహం లేదు.

అలాగని పడ్డ చోటికి విలువ లేదనడం తప్పు. డిస్క్‌ని చేత్తో తీసుకుని ఇష్టం వచ్చినచోట నిలబడి విసరకూడదు. డిస్క్ ముందు చిన్న మార్కర్ పెడతారు, లేదా ఆ డిస్క్‌నే మార్కర్‌గా ఉంచి ఇంకోటి విసురుతారు. ఫెయిర్‌వే (ఆట సాగే దారి) మీద మార్కర్ వెనక అంచు నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న ముక్క మీ చోటు. వదిలే క్షణంలో ఒంట్లో ఒక భాగమైనా ఆ ముక్క మీద ఆనాలి, ఏదీ మార్కర్ కంటే ముందు నేలను తాకకూడదు. ఆ ముక్క పొద మధ్యలో ఉంటే ఒక కాలు అక్కడుంచి ఇంకో కాలు పక్కకి బాగా చాచి, కొమ్మ కింద వంగి, కొన్నిసార్లు మోకాలి మీద కూర్చుని విసరాలి. పరుగుతో వచ్చే వేగం ఉండదు, తుంటి తిరగదు. గోల్ఫ్‌లో చెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బంతికి ఇది సమానం.

బుట్టకి 10 మీటర్ల లోపు ఇంకో నియమం. విసిరాక తూలి ముందుకి పడకూడదు, మార్కర్ వెనక నిలకడ చూపించాకే కదలాలి. తప్పితే ఒక పెనాల్టీ త్రో. పది మీటర్లు దాటితే డిస్క్ చేతిని వదిలాక ముందుకి అడుగు వేయొచ్చు. అందుకే తొమ్మిది మీటర్ల పుట్ కంటే పదకొండు మీటర్లది కొందరికి హాయిగా ఉంటుంది.

వాలు కూడా పని చేస్తుంది, వేరే విధంగా. బుట్టని దిగుడు అంచున పెడితే తప్పిన డిస్క్ అంచు మీద నిలబడి చక్రంలా దొర్లిపోతుంది. రెండు మీటర్ల తప్పు ఇరవై మీటర్లవుతుంది. అప్పుడు ఎనిమిది మీటర్ల నుంచి గట్టిగా కొట్టాలా, బుట్ట ముందు నెమ్మదిగా దించి తర్వాతి విసురుతో వేయాలా అన్నది గోల్ఫర్‌కి బాగా అలవాటైన ఆలోచనే. కోర్సు వేసినవాళ్లు బుట్టలన్నీ చదునులో పెడితే ఇదంతా పోతుంది. అలాంటి కోర్సు చూసి ఆటని తీసిపారేయకండి.

శిక్షల్లో డిస్క్ గోల్ఫ్ కొంచెం దయ చూపిస్తుంది. వెతకడానికి రెండింటిలోనూ 3 నిమిషాలే, పోతే రెండింటిలోనూ ఒక శిక్షతో పాత చోటికే వెళ్లాలి. కానీ హద్దు దాటితే గోల్ఫ్‌లో మళ్లీ వెనక్కి నడవాలి. డిస్క్ గోల్ఫ్‌లో మామూలుగా ఒక పెనాల్టీ త్రో వేసుకుని, హద్దు దాటినచోటి నుంచి ఒక మీటరు దాకా లోపలికి వచ్చి ఆడొచ్చు. ఆట నడక ఆగదు.

అంచువెడల్పు:

డిస్కుల సంగతి. మూడు చాలు: బుట్టలో వేయడానికి ఒక పుటర్, మధ్య దూరాలకి ఒక మిడ్‌రేంజ్, ఎక్కువ దూరాలకి ఆరు లేక ఏడు వేగమున్న ఒక ఫెయిర్‌వే డ్రైవర్. ఉదాహరణకి ఏవియర్ 2/3/0/1, డిస్క్‌క్రాఫ్ట్ బజ్ 5/4/-1/1, పైన చెప్పిన లెపర్డ్. నియమాల్లో గోల్ఫ్‌కున్న 14 క్లబ్బుల హద్దు లాంటిది ఇక్కడ లేదు, సంచిలో ఎన్నైనా ఉండొచ్చు. కొత్తవాళ్లు చెడేది అక్కడే. ఇరవై డిస్కులతో మొదలుపెడితే విసురు తప్పిందో, డిస్క్ తప్పో ఎప్పటికీ తేలదు.

బరువు: ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ నియమం ప్రకారం వ్యాసం కనీసం 21 సెంటీమీటర్లు, ఒక్కో సెంటీమీటరుకి గరిష్ఠంగా 8.3 గ్రాములు. అందుకే డ్రైవర్లు 175 గ్రాముల దగ్గర ఆగిపోతాయి. పుటర్, మిడ్‌రేంజ్ 170 పైన తీసుకోండి, గాలికి తొందరగా చెదరవు. డ్రైవర్ మాత్రం 160 నుంచి 168 మధ్య తీసుకుంటే తక్కువ వేగానికి కూడా తేలుతుంది. అంచు వెడల్పు గరిష్ఠం 2.6 సెంటీమీటర్లు. వెడల్పాటి అంచు అంటే వేగవంతమైన డ్రైవర్, పట్టుకోవడం కష్టం. దుకాణంలో చూడగానే సన్నగా పదునుగా కనిపించి ఆశపెట్టేవి అవే. మిడ్‌రేంజ్ 75 మీటర్లు తిన్నగా పోయేదాకా వాటి జోలికి వెళ్లొద్దు.

ప్లాస్టిక్ రెండు రకాలు. చవక రకం మెత్తగా, చేతికి బాగా అంటుతుంది కానీ చెట్లకి తగిలి అంచు అరుగుతుంది. అరిగేకొద్దీ టర్న్ పెరుగుతుంది, ఫేడ్ తగ్గుతుంది. ఖరీదైన రకం నెలల తరబడి ఒకేలా ఎగురుతుంది. పుటర్ చవకది, డ్రైవర్ ఖరీదైనది తీసుకోవడం నా లెక్కలో సరైన పద్ధతి. పుటర్ అరిగినా తిన్నగా పోవడమే కావాలి, గొలుసుల మీద మెత్తని ప్లాస్టిక్ పట్టుకుంటుంది కూడా.

ఇక స్వింగ్. కుడిచేతి గోల్ఫర్ ఒళ్లు ఎడమవైపుకి తిరుగుతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో ఒళ్లు కుడివైపుకి తిరగాలి, అంటే అలవాటుకి ఎదురు. కుడిచేతి ఫోర్‌హ్యాండ్‌లో మాత్రం అదే ఎడమవైపు తిరుగుడు. అందుకే చాలామంది గోల్ఫర్లకి ఫోర్‌హ్యాండ్ ముందు వస్తుంది. రెండు విసుర్లలోనూ పనికొచ్చేది కింది సగం: బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మారడం, ముందు కాలు గట్టిగా నిలబడి తుంటిని తిప్పడం, చెయ్యి చివరగా రావడం. ఇది మీకు ఇప్పటికే ఉంది.

అడ్డుపడేది చెయ్యి దారి. క్లబ్ ఒంటి చుట్టూ వలయంలా తిరుగుతుంది. బ్యాక్‌హ్యాండ్‌లో డిస్క్ ఛాతీ ముందు నుంచి దాదాపు తిన్నని గీతలో రావాలి. వలయంలా తిప్పితే మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయి డిస్క్ ఆలస్యంగా, కుడికి జారిపోతుంది, బలం కూడా రాదు. సరిచేయడానికి నిలబడి విసరండి. డిస్క్‌ని వెనక్కి చాచి, కుడి ఛాతీ దగ్గరికి తెచ్చేసరికి పై చెయ్యి భుజాల గీతకి తొంభై డిగ్రీలు ఉండాలి. అక్కడి నుంచి మోచెయ్యి విప్పుకోవాలి.

రెండో తప్పు ముందంచు లేవడం. డిస్క్ బెలూన్‌లా పైకి లేచి ఆగి ఎడమకి పడిపోతే కారణం బలం తక్కువ కావడం కాదు. మణికట్టు పైకి మడతపడింది, లేదా పట్టు అరచేతిలో తప్పుగా కూర్చుంది. డిస్క్ అరచేతి మధ్య నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా ఉన్న ముడత మీద కూర్చోవాలి, మణికట్టు కాస్త కిందికి వంచి ఉంచాలి, కూజాలోంచి నీళ్లు పోస్తున్నట్టు. గోల్ఫర్లు బంతిని ఎత్తాలన్న అలవాటుతో వెనక్కి వాలతారు, దానివల్ల కూడా ఇదే జరుగుతుంది. ఐరన్‌తో బంతి మీదికి దిగి కొట్టినట్టే ఇక్కడా ముందు కాలి మీద బరువుంచండి.

ఫోర్‌హ్యాండ్‌లో తప్పు వేరు: వదిలేటప్పుడు అరచెయ్యి కిందికి తిరగడం. డిస్క్ వణుకుతూ తిరగబడి నేలకి కొట్టుకుంటుంది. విసురు ముగిసేసరికి అరచెయ్యి ఆకాశాన్ని చూడాలి, మోచెయ్యి నడుముకి దగ్గరగా ఉండాలి. పాతిక శాతం బలంతో మొదలుపెట్టకపోతే మోచేతి లోపలి నరం లాగేస్తుంది.

పచ్చికబయలు:

చాలా స్పష్టంగా ఉంది. రెండు అడుగుతాను. అడవిలో వేసిన కోర్సుల్లో డిస్క్ చెట్టుకి తగిలి ఎటో పోతే అది అదృష్టం కాదా? పుటింగ్ సులువన్నారు, కానీ గొలుసుల మధ్య పడి కూడా బయటికి వచ్చేయడం వీడియోల్లో చూశాను. అదెందుకు?

గొలుసుచప్పుడు:

చెట్టుకి తగిలాక ఎటు పోతుందన్నది అదృష్టమే. చెట్టుకి తగలడం చాలావరకు కాదు. మంచి డిజైన్‌లో టీ (మొదటి విసురు వేసే చోటు) నుంచి మొదటి సందు వెడల్పు, అది ఎంత దూరంలో ఉందో చూసి పెడతారు. 20 మీటర్ల దూరంలో 4 మీటర్ల సందు అంటే అటూ ఇటూ ఆరు డిగ్రీల లోపు తప్పొచ్చు. అది నేర్చుకోగలిగిన గురి. అదే దూరంలో మీటరున్నర సందు పెట్టి దారి అదొక్కటే అంటే అది చెడ్డ డిజైన్. గోల్ఫ్ ఫెయిర్‌వే నేల మీద గీసిన దారి. అడవిలో డిస్క్ ఫెయిర్‌వేకి ఎత్తు కూడా ఉంటుంది, పైన కొమ్మల కప్పు, కింద పొదలు. మూడు మీటర్ల ఎత్తు దాటకుండా 80 మీటర్లు పంపాల్సి వస్తే గ్లైడ్ ఎక్కువున్న డిస్క్ పనికిరాదు, పుటర్‌ని గట్టిగా విసరాలి.

పుటర్ అంటే పుటింగ్‌కి మాత్రమే అనుకోవద్దు. 2021 ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి రౌండ్ 18వ హోల్‌లో జేమ్స్ కాన్‌రాడ్ సుమారు 75 మీటర్ల నుంచి తిన్నగా బుట్టలో వేసి పాల్ మెక్‌బెత్‌తో సమమయ్యాడు, తర్వాత ప్లేఆఫ్‌లో గెలిచాడు. ఆ విసురు పుటర్‌దే. కుడికి వంగే యాన్‌హైజర్.

గొలుసుల సంగతికి వస్తే, తిప్పు దిశ చూడండి. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ పుట్‌లో డిస్క్ ఎడమ అంచు ముందుకి, కుడి అంచు వెనక్కి కదులుతుంటుంది. బుట్ట మధ్యలోని స్తంభానికి కుడిపక్క పడితే గొలుసుని తాకేది ఎడమ అంచు. అది ముందుకి పోతున్న అంచు కాబట్టి రాపిడి డిస్క్‌ని గట్టిగా ఆపుతుంది, పైగా చివరి ఫేడ్ స్తంభం వైపే లాగుతుంది. ఎడమపక్క పడితే తాకేది వెనక్కి కదులుతున్న అంచు. రాపిడి తక్కువ, ఫేడ్ బయటికి లాగుతుంది, డిస్క్ గొలుసుల మధ్య నుంచి జారిపోతుంది. అందుకని స్తంభానికి అరచెయ్యి వెడల్పు కుడికి గురిపెట్టండి. మొత్తం బుట్టని చూడకుండా ఒక్క గొలుసు కణుపుని చూడండి. మరీ గట్టిగా కొట్టినా ఎదురు తన్ని వస్తుంది. బుట్ట నెత్తి మీద ఆగిపోతే లెక్కకి రాదు.

ఈ గొలుసుల బుట్ట తట్టింది ఎడ్ హెడ్రిక్‌కి. మొదటి శాశ్వత కోర్సు 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఆయనే వేశాడు. ఆ బుట్ట రాకముందు చెట్లకీ స్తంభాలకీ కొట్టి, తగిలిందా లేదా అని వాదించుకునేవాళ్లు. గొలుసుల చప్పుడు ఆ వాదాన్ని తీర్చేసింది. 1983లో డేవ్ డునిపేస్ అంచుని ఏటవాలుగా చెక్కిన డిస్క్ తెచ్చాక దూరాలు ఒక్కసారిగా పెరిగాయి. గుండ్రని అంచు గాలిని ఢీకొట్టేది, ఈ అంచు గాలిని కోసుకుపోయింది.

ఏడోనంబర్‌ఐరన్:

పార్ (ఒక హోల్‌కి ఇన్నింటిలో ముగించాలని పెట్టిన లెక్క) గురించి ఒక్కమాట, గోల్ఫర్లు మొదటి రోజే తికమకపడతారు. గోల్ఫ్ పార్‌లో రెండు పుట్లు కలిపి లెక్కిస్తారు. డిస్క్ గోల్ఫ్‌లో చాలా కోర్సుల్లో 60 నుంచి 110 మీటర్ల హోల్స్ అన్నీ పార్ 3. మంచి ఆటగాడు అక్కడ రెండుతో ముగిస్తాడు. కాబట్టి స్కోర్‌కార్డు మీద మైనస్ ఎనిమిది చూసి పెద్ద ఆటగాడని అనుకోకండి. ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ ఇచ్చే రేటింగ్ చూడండి. గోల్ఫ్ హ్యాండీక్యాప్ లాంటిదే, 1000 అంటే స్క్రాచ్ (హ్యాండీక్యాప్ సున్నా) స్థాయి, 18 హోల్స్‌లో ఒక విసురు తేడా సుమారు పది పాయింట్లు. 900 రేటింగ్ అంటే రౌండుకి పది విసుర్లు వెనక.

ఇంకొకటి, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. డిస్క్ గోల్ఫ్ కోర్సులు చాలావరకు అందరూ నడిచే పార్కుల్లోనే ఉంటాయి. 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్ ముఖానికి తగిలితే ఎముక విరుగుతుంది. వంపు వెనక నడకదారి కనపడకపోతే ఒకరిని ముందు పంపి చెయ్యి ఊపాకే విసరండి. దారి తప్పితే గోల్ఫ్‌లోలాగే 'ఫోర్' (తప్పుకోండి అన్న హెచ్చరిక) అని అరవాలి. విసరడానికి 30 సెకన్ల గడువుంది కానీ, దారి ఖాళీ అయ్యాకే ఆ లెక్క మొదలవుతుంది. తొందరపడక్కర్లేదు.

పచ్చికబయలు:

సరేనండి. మూడు డిస్కులతో మొదలుపెడతాను. మొదటి నెల అభ్యాసం ఎలా పెట్టుకుంటే బాగుంటుంది?

అంచువెడల్పు:

కోర్సు కంటే ఖాళీ మైదానం మేలు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నలభై విసుర్లు దాటొద్దు. మొదటి పదిహేను పుటర్‌తో, నిలబడి, 40 మీటర్ల దూరంలో ఒక గుర్తు వైపు. తర్వాత పదిహేను మిడ్‌రేంజ్‌తో: ఐదు హైజర్, ఐదు సమంగా, ఐదు యాన్‌హైజర్. డ్రైవర్ చివరి పదికే. ప్రతి విసురు తర్వాత ఎక్కడ పడిందో కంటే గాల్లో చివరి మూడోవంతులో ఎటు ఒరిగిందో చూడండి, తప్పు ఎక్కడుందో అదే చెప్తుంది. పుటర్ కూడా పైకి లేచి ఎడమకి పడుతోందంటే ముందంచు లేస్తోందని అర్థం. ఆ రోజు డ్రైవర్ సంచిలోంచి తీయకండి.

పుటింగ్ విడిగా: 3 మీటర్ల నుంచి పది, 5 నుంచి పది, 7 నుంచి పది. 5 మీటర్ల దగ్గర పదికి ఎనిమిది పడేదాకా 7కి జరగొద్దు. ప్రతి పుట్ తర్వాత రెండు సెకన్లు కదలకుండా నిలబడండి. ఆ నిలకడ నియమం మొదటి నుంచే కాళ్లకి అలవాటవుతుంది.

కోర్సు మీదికి వెళ్లినప్పుడు రెండు టీలు ఉంటే దగ్గరిదే తీసుకోండి. మొదటి ఐదు రౌండ్లు పుటర్, మిడ్‌రేంజ్‌తోనే ఆడండి.